సుల్తాన్ ఉప్పు, షా పేరు: ఒట్టోమన్ సర్కారుతో బెక్తాషీలు, కిజిల్‌బాష్‌ల సంబంధాలపై ఒక సమీక్ష

నడి అనతోలియాలో హజీబెక్తాష్ అనే చిన్న ఊరుంది. ఏ సాధువు పేరు ఆ ఊరికి వచ్చిందో ఆయన సమాధి అక్కడి మఠంలోనే ఉంది. మఠం రెండో ఆవరణలో వంటశాల, అందులో 'కరా కజాన్' అనే నల్ల గంగాళం ఇప్పటికీ ఉన్నాయి. వచ్చినవాళ్లందరికీ వండి వడ్డించిన ఆ పాత్రను భక్తులు పవిత్రంగా చూస్తారు. ఆ వంటశాల పక్కనే మినార్‌తో ఒక మసీదు ఉంది. ఈ మఠంవాళ్లు ఆరాధనకు మసీదుకు వెళ్లే అలవాటున్నవాళ్లు కారు. 'మైదాన్' అనే గదిలో, గురువు ఎదుట, దీపాలు వెలిగించుకుని ఆరాధన చేసుకునేవాళ్లు. మరి ఆ మసీదు ఎవరి కోసం? 1834లో దాన్ని కట్టించింది సుల్తాన్ రెండో మహమూద్. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఈ మఠంవాళ్ల బెక్తాషీ సూఫీ శాఖనే నిషేధించినవాడు ఆయనే.

ఇక్కడ మనం పరిశీలించే చిక్కంతా ఆ ఆవరణలోనే ఉంది. పన్నెండుమంది ఇమామ్‌లను కొలిచే, అలీని దైవసమానంగా తలిచే ఈ శాఖను సున్నీ సామ్రాజ్యమైన ఒట్టోమన్ రాజ్యం మూడు శతాబ్దాల పాటు పోషించింది. సామ్రాజ్యపు ప్రధాన సైన్యానికి ఆ శాఖ సాధువే కులగురువు. దాదాపు అవే నమ్మకాలున్న కిజిల్‌బాష్‌లను మాత్రం అదే ప్రభుత్వం వేటాడింది, ఊళ్లకు ఊళ్లు తరలించింది, నదిలో ముంచి చంపించింది. ఒకే దేవుడు, ఒకే ఇమామ్‌లు, ఒకే పాటలు. ఒకరికి మాన్యాలు దక్కితే మరొకరికి ఉరితాడు దక్కింది. ఎందుకిలా అన్న ప్రశ్నకు వందేళ్లుగా పండితులు జవాబులు చెబుతున్నారు. ఆ జవాబులు ఒకదానిలో ఒకటి చిక్కుపడి, ఇవాళ్టి టర్కీ రాజకీయాలతో ముడిపడి, విడదీయలేని స్థితికి వచ్చాయి. అందుకే ఒకసారి లెక్క చూసుకోవాలి.

తెలుగు పాఠకుడికి ఇందులో కొంత తెలిసిన భూమే. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగనాడు లేచే పీర్లు, హైదరాబాద్ బాదషాహీ ఆషూర్‌ఖానాలో నిలిపే అలంలు స్మరించేది అలీ, హసన్, హుసేన్‌ల పరంపరనే. కర్బలా దుఃఖం మనకు కొత్త కాదు. ఆ దుఃఖాన్ని మోసే గురుపరంపరతో సామ్రాజ్యం ఎలా వ్యవహరించిందన్నదే ఇక్కడి విషయం.

పునాదులు: ఓడిన తిరుగుబాటులోంచి వచ్చిన సాధువు

హజీ బెక్తాష్ పదమూడో శతాబ్దంలో ఖురాసాన్ నుంచి అనతోలియాకు వచ్చాడని సంప్రదాయం. అప్పుడు అక్కడ సెల్జుక్ పాలన. 1240లో బాబా ఇల్యాస్, బాబా ఇషాక్‌ల పేరున తుర్కమాన్ పశుపాలకులు పెద్ద తిరుగుబాటు లేవదీశారు. సెల్జుక్ సైన్యం దాన్ని నెత్తుటిలో ముంచింది. హజీ బెక్తాష్ ఆ ఇల్యాస్ వర్గానికి చెందినవాడే. తిరుగుబాటు పోరులో పాల్గొనకుండా బతికి, ఒక మారుమూల పల్లెలో స్థిరపడ్డాడు.

ఇక్కడొక విషయం గుర్తుంచుకోవాలి. సామ్రాజ్యపు ప్రధాన సైన్యమైన జానిసరీ దళం ఏర్పడింది పద్నాలుగో శతాబ్దం రెండో సగంలో. అప్పటికి హజీ బెక్తాష్ చనిపోయి ఎన్నో దశాబ్దాలైంది. అయినా ఆయనే తొలి జానిసరీల తలమీద చెయ్యిపెట్టి దీవించాడనీ, అప్పుడు జారిన ఆయన చొక్కా చేతికి గుర్తుగానే వాళ్ల టోపీకి వెనక వేలాడే గుడ్డ వచ్చిందనీ కథ పుట్టింది. దీన్ని పదిహేనో శతాబ్దంలోనే చరిత్రకారుడు ఆషిక్‌పాషాజాదే ఖండించాడు. హజీ బెక్తాష్ ఏ ఒట్టోమన్ రాజునూ కలవలేదని గట్టిగా రాశాడు. ఆయన స్వయానా బాబా ఇల్యాస్ వంశస్థుడు కనక ఆ మాటకు బరువుంది. ఆయనకు తన వంశం పరువు గురించిన పట్టింపులూ ఉన్నాయన్నది మరచిపోకూడదు. ఏమైనా అంత గట్టిగా ఖండించాల్సి వచ్చిందంటే అప్పటికే ఆ కథ జనంలో బాగా పాకి ఉండాలి.

శాఖకు ఇప్పుడున్న రూపం ఇచ్చినవాడు బలిమ్ సుల్తాన్. బెక్తాషీలు ఆయన్ను రెండో గురువు అంటారు. దిమెతోకా దగ్గరి కిజిల్‌దెలీ మఠం నుంచి ఆయన్ను రెండో బాయెజిద్ సుల్తానే 1501లో హజీబెక్తాష్ మఠానికి పంపాడని సంప్రదాయం. దీక్షావిధులు, పదవుల వరస, పెళ్లి చేసుకోని బాబాల వ్యవస్థ ఆయనతో కుదురుకున్నాయని చెబుతారు. ఆ పక్కనే, హజీ బెక్తాష్ రక్తవారసులం మేమేనంటూ చెలెబీ కుటుంబం నిలిచింది. మఠంలో బాబాలు, మఠం ఆస్తి వ్యవహారాల్లో చెలెబీలు. ఈ రెండు వాటాల పేచీ నాలుగు వందల ఏళ్లు నడిచింది. ప్రభుత్వం ఒకసారి వీళ్లతో, ఒకసారి వాళ్లతో మాట్లాడి తన పని తాను చక్కబెట్టుకుంది.

అర్దబిల్ మఠం సింహాసనం ఎక్కింది

అదే 1501లో, తూర్పున, పద్నాలుగేళ్ల కుర్రవాడు తబ్రీజ్‌లో షాగా పట్టం కట్టుకున్నాడు. అతను ఇస్మాయిల్. అతని పూర్వీకుడు షేఖ్ సఫీ 1334లో చనిపోయేనాటికి అర్దబిల్‌లో ఆయనది ఒక మామూలు సూఫీ మఠం. ఇస్మాయిల్ తాత జునైద్, తండ్రి హైదర్‌ల కాలానికి అది ఆయుధం పట్టింది. హైదర్ తన శిష్యులకు పన్నెండు మడతల ఎర్రటోపీ ఇచ్చాడు, ఒక్కో మడతకు ఒక్కో ఇమామ్. కిజిల్‌బాష్ అంటే ఎర్రతల అని అర్థం. ఇస్మాయిల్‌తో ఆ మఠమే సామ్రాజ్యమైంది.

ఒట్టోమన్ సర్కారుకు నిద్ర పట్టకుండా చేసింది ఇరాన్‌లో షియా రాజ్యం రావడం ఒక్కటే కాదు. ఆ రాజు ఒట్టోమన్‌ల సొంత అనతోలియా రైతులకు, పశుపాలకులకు గురువు కూడా కావడం. శిష్యులు గురువుకు మొక్కుబడి పంపిస్తే సరిహద్దు దాటి డబ్బు పోయినట్టే. గురువు పిలుపు మీద వెళ్తే సైనికులు పోయినట్టే. పైగా ఇస్మాయిల్ 'ఖతాయీ' పేరుతో తుర్కీలో పాటలు కట్టాడు. పర్షియన్ రాని గొర్రెలకాపరికి కూడా అర్థమయ్యే తుర్కీ అది. ఆ పాటలు అలెవీ (కిజిల్‌బాష్‌ల వారసుల నేటి పేరు), బెక్తాషీ సభల్లో నేటికీ పాడుకుంటారు. ఏ రాజశాసనమూ చేయలేని పని అవి చేశాయి.

బాయెజిద్ మొదట కిజిల్‌బాష్ కుటుంబాలను గ్రీసు దక్షిణ తీరానికి తరలించాడు, సరిహద్దులు మూయించాడు. 1511లో అంతాల్యా వైపు షాకులూ తిరుగుబాటు పేలింది. ఆ పేరుకు అర్థం 'షా బానిస'. ప్రధాన వజీరు హదీమ్ అలీ పాషా ఆ పోరులోనే చనిపోయాడు. ఈ తిరుగుబాటులో భక్తులే కాదు, జాగీర్లు ఊడిన సిపాయీలూ ఉన్నారు. దీన్ని పక్కన రాసిపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

మరుసటి ఏడాది సెలీమ్ గద్దెనెక్కాడు. ముఫ్తీ హంజా, కెమాల్‌పాషాజాదే వంటి పండితులు కిజిల్‌బాష్‌లు మతం తప్పినవారనీ, వాళ్లను చంపడం ధర్మమేననీ ఫత్వాలు ఇచ్చారు. 1514 ఆగస్టు 23న చాల్దిరాన్ మైదానంలో ఒట్టోమన్ ఫిరంగుల ముందు ఇస్మాయిల్ ఓడాడు. యుద్ధానికి వెళ్లేముందు సెలీమ్ నలభైవేలమంది కిజిల్‌బాష్‌లను జాబితా రాయించి చంపించాడన్న అంకె ఇద్రీస్ బిత్లీసీ గ్రంథం నుంచి వచ్చింది. ఈ అంకెను పాఠ్యపుస్తకాలు, రాజకీయ ప్రసంగాలు ఎన్నిసార్లు తిప్పి తిప్పి చెప్పాయో లెక్కలేదు. దాన్ని ఇప్పటి చరిత్రకారులు చాలామంది అక్షరాలా తీసుకోరు. రాజును పొగిడే గ్రంథంలోని అంకె అది. చంపడం జరగలేదని మాత్రం దాని అర్థం కాదు. అంకె అనుమానమైనంత మాత్రాన దుఃఖం అనుమానం కాదు.

జానిసరీల గురువు, సర్కారు అతిథి

ఆ నెత్తుటి దశాబ్దాల్లోనే బెక్తాషీ మఠాలు బాగుపడ్డాయి. జెయ్‌నెప్ యూరెక్లీ 2012 నాటి తన పుస్తకంలో ఒక చక్కని సంగతి చూపించింది. హజీబెక్తాష్, సెయ్యిద్ గాజీ సమాధులను పెంచి కట్టించడానికి డబ్బిచ్చినవాళ్లలో మిహాలోగ్లూ వంటి పాత సరిహద్దు వీరుల వంశాలున్నాయి. ఇస్తాంబుల్ అధికారం కేంద్రీకరించుకుంటుంటే పక్కకు నెట్టబడినవాళ్లు వాళ్లు. తమ కత్తి గౌరవాన్ని సాధువుల రాతిగోడల్లో దాచుకున్నారు. అంటే మఠాన్ని పోషించిన ప్రతి చెయ్యీ సుల్తాన్ చెయ్యి కాదు. 'రాజ్యం పోషించింది' అని ఒక్కమాటలో తేల్చేసేవారు ఈ వివరం దగ్గర ఆగాలి.

జానిసరీలతో ముడి పదహారో శతాబ్దం చివరికి అధికారికమైంది. తొంభై తొమ్మిదో దళం బారకాసులో ఒక బెక్తాషీ బాబా ఉండేవాడు. దళాన్ని 'హజీ బెక్తాష్ ఒజాక్', అంటే ఆయన పొయ్యి అనేవారు. ఒజాక్ అంటే పొయ్యి, ఇల్లు, వంశం, అన్నీ. దళాధికారి పేరే 'చొర్బాజీ', సూపు వడ్డించేవాడు. దళం గౌరవమంతా వంట గంగాళంలో ఉండేది. దాన్ని బోర్లిస్తే తిరుగుబాటన్నమాట. సుల్తాన్ ఉప్పు మాకక్కర్లేదు అని చెప్పడానికి అంతకంటే స్పష్టమైన భాష ఏముంటుంది? హజీబెక్తాష్ వంటశాలలోని నల్ల గంగాళం, ఇస్తాంబుల్ బారకాసులోని గంగాళం ఒకే ఊహలోంచి వచ్చినవి.

అయితే ఈ పోషణ అడ్డులేనిది కాదు. 1527లో హజీ బెక్తాష్ వంశస్థుడినని చెప్పుకున్న కలెందర్ చెలెబీయే తిరగబడ్డాడు. భూములు పోయిన దుల్కాదిర్ సిపాయీలు ఆయనతో చేరారు. ప్రధాన వజీరు ఇబ్రహీం పాషా ఏం చేశాడు? ముందు ఆ సిపాయీల జాగీర్లు వాళ్లకు తిరిగిచ్చాడు. వాళ్లు వెళ్లిపోయారు. మిగిలిన భక్తులను సైన్యం సులువుగా నలిపేసింది. ఈ ఘటనను ప్రతి వాదం వాళ్లూ తమ సాక్ష్యంగా తెచ్చుకుంటారు. నా చూపులో ఇది చెప్పేది ఒకటే: తిరుగుబాటులో కడుపూ ఉంది, భక్తీ ఉంది. కడుపు నిండినవాళ్లు వెళ్లిపోగా, నిండినా వెళ్లనివాళ్లు భక్తులు.

రికార్డుల్లో కనిపించే కిజిల్‌బాష్

చాల్దిరాన్ తర్వాత వేట ఆగలేదు, కాగితాల మీదికి మారింది. దివాన్ ఆజ్ఞల నకళ్లున్న 'ముహిమ్మె' దఫ్తర్లను కోలిన్ ఇంబర్ 1979లో పరిశీలించాడు. ఆయన తీసుకున్నది 1565 నుంచి 1585 దాకా ఇరవై ఏళ్లు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఫలానావాడు షా మనిషని తేలితే, ఆ నేరం పైకి రానివ్వకుండా దొంగతనమో మరొకటో అంటగట్టి చంపమని ఆజ్ఞలున్నాయి. రహస్యంగా కిజిల్‌ఇర్మాక్ నదిలో పడేయమనీ ఉంది. బహిరంగంగా చంపితే ఊళ్లు లేస్తాయన్న భయం, సరిహద్దుకు అవతల షా చెవిన పడుతుందన్న బెరుకు ఆ వాక్యాల్లో కనిపిస్తాయి.

ఇంకోవైపు చూడండి. 1534లో బాగ్దాద్ గెలిచిన సులేమాన్ సుల్తాన్ అబూ హనీఫా సమాధిని పునరుద్ధరించాడు. నజఫ్, కర్బలా కూడా దర్శించాడు. కర్బలాకు నీళ్లు వచ్చేలా కాలువ బాగుచేయించాడు. సామ్రాజ్యానికి ఇమామ్‌ల సమాధులతో పేచీ లేదు. లెబనాన్ కొండల్లో షియా అమీర్లకే పన్ను వసూలు హక్కులు కౌలుకిచ్చిందని స్టెఫాన్ వింటర్ 2010లో వివరంగా చూపించాడు. బకాయి పడినప్పుడు మాత్రం వాళ్లు ఆజ్ఞల్లో హఠాత్తుగా 'కిజిల్‌బాష్'లయ్యేవారు. పన్ను కట్టినన్నాళ్లూ కనిపించని మతభ్రష్టత్వం, కట్టనప్పుడు కనిపించింది.

ఇక ఐఫెర్ కరకాయా-స్టంప్ బయటపెట్టిన ఇరాక్ కథ ఈ వాదం మొత్తాన్నీ కదిలించింది. కర్బలాలో, నజఫ్‌లో బెక్తాషీ మఠాలుండేవి. అవి ఒట్టోమన్ నేలమీదే ఉన్నాయి, సర్కారుకు తెలిసే నడిచాయి. అనతోలియా కిజిల్‌బాష్ గురువులైన 'దెదే'లు తరతరాలుగా అక్కడికి నడిచివెళ్లి, తమ వంశవృక్షాల కాగితాల మీద కొత్త ముద్రలు వేయించుకుని వచ్చేవారు. అంటే సర్కారు పోషించిన శాఖ, సర్కారు వేటాడిన జనం ఒకే గుమ్మం దగ్గర కలుసుకునేవారు. ఆ కాగితాలు దెదే కుటుంబాల పెట్టెల్లో పోగై, ఇటీవలి దశాబ్దాల్లోనే పండితుల చేతికందాయి.

1826: పోషించిన చెయ్యే

1826 జూన్‌లో రెండో మహమూద్ జానిసరీల బారకాసుల మీద ఫిరంగులు పేల్పించాడు. సర్కారు దానికి పెట్టిన పేరు 'శుభ ఘటన'. నెల తిరగకుండా బెక్తాషీల వంతు వచ్చింది. షేఖుల్ ఇస్లాం, ఉలేమా, ఇతర సూఫీ శాఖల పెద్దలు కూర్చుని విచారించారు. బెక్తాషీలు నమాజు చేయరనీ, ఉపవాసాలుండరనీ, తొలి ఖలీఫాలను దూషిస్తారనీ అభియోగం. కొందరు బాబాలను చంపారు, ఎక్కువమందిని ఉలేమా పట్టున్న పట్టణాలకు ప్రవాసం పంపారు. అరవై ఏళ్లలోపు కట్టిన మఠాలు కూల్చేయాలనీ, అంతకంటే పాతవి మసీదులుగా, మదర్సాలుగా మార్చాలనీ తీర్మానం. హజీబెక్తాష్ మఠంలో సున్నీ సూఫీ శాఖ అయిన నక్ష్‌బందీకి చెందిన షేఖును కూర్చోబెట్టారు. చెలెబీ హమ్దుల్లాను అమాస్యాకు పంపేశారు. మఠాల భూములు జప్తయ్యాయి. కిజిల్‌దెలీ వంటి సంపన్న మఠాల పొలాలు, పశువులు, పాత్రలతో సహా లెక్కరాసుకుని అమ్మారు. సురయ్యా ఫరోకీ ఆ జప్తు జాబితాల ఆధారంగానే మఠాల ఆర్థిక జీవితాన్ని తిరిగి కట్టి చూపింది. నాశనం చేయడానికి రాసిన కాగితమే చరిత్రకు మిగిలింది.

అభియోగంలోని ప్రతి మాటా అంతకు మూడు వందల ఏళ్ల ముందు కూడా నిజమే, లేదా అంతే అబద్ధం. మారింది నమ్మకం కాదు. సర్కారుకు కొత్త సైన్యం కావాలి, పాత సైన్యం తలెత్తకూడదు, ఖజానాకు భూమి కావాలి. అయితే 'మతం ఒట్టి సాకు' అని తేల్చేయడానికి నేను ఒప్పుకోను. ఆ సభలో కూర్చున్న ఉలేమాలో, షేఖుల్లో నిజంగా నమ్మినవాళ్లూ ఉన్నారు. వాళ్ల నమ్మకం పాతదే. దానికి సింహాసనం చెవి ఒగ్గిన క్షణమే కొత్తది.

నిషేధం పూర్తిగా పారలేదు. నక్ష్‌బందీ ముసుగు వేసుకుని మఠాలు మెల్లగా లేచాయి. 1870 ప్రాంతానికి బెక్తాషీ పుస్తకాలు అచ్చయ్యాయి. 1873లో ఇషాక్ ఎఫెందీ వాటి మీద విరుచుకుపడుతూ ఒక ఖండనగ్రంథం వేశాడు, 1876లో అహ్మద్ రిఫత్ దానికి జవాబు వేశాడు. అల్బేనియన్ కవి నయీమ్ ఫ్రషెరీ 1896లో బెక్తాషీ మార్గాన్ని అల్బేనియన్ జాతీయతకు ఊతంగా మలిచాడు. అబ్దుల్ హమీద్ సర్కారేమో కిజిల్‌బాష్ పల్లెల్లో మసీదులు కట్టించి, హనఫీ బోధకులను పంపింది. మొదటి ప్రపంచయుద్ధంలో చెలెబీ జెమాలెద్దీన్ సుల్తాన్ కోసం స్వచ్ఛంద దళం పోగుచేశాడు. దాదాపు తొంభై ఏళ్ల క్రితం తన వంశీయుణ్ణి ప్రవాసం పంపిన సింహాసనం కోసం!

పండితుల పక్షాలు

తొలి పెద్ద జవాబు ఫువాద్ కొప్రులూది. ఆయన దృష్టిలో బెక్తాషీలూ కిజిల్‌బాష్‌లూ ఇస్లాం పలచటి పూత కింద మధ్య ఆసియా షమాను ఆచారాలు మోస్తున్న తుర్కమాన్‌లు. పట్నంలో 'ఉన్నత' ఇస్లాం, పల్లెలో 'జానపద' ఇస్లాం. ఈ గీత ఎనభై ఏళ్లు చెక్కుచెదరలేదు. ఇరేన్ మెలికోఫ్, అహ్మద్ యషార్ ఒజాక్ దాన్ని పెంచి, మార్చి, 1240 నాటి బాబాయీ తిరుగుబాటు నుంచి కిజిల్‌బాష్‌ల దాకా ఒకే తీగ లాగారు. మెలికోఫ్ మాటల్లో చెప్పాలంటే బెక్తాషీ, కిజిల్‌బాష్ ఒకే వేరు మొక్కలు. ఒకటి ఊళ్లో నాటుకుంది, ఒకటి కొండల్లో.

ఒమర్ లుత్ఫీ బర్కాన్ 1942లో వేరే కిటికీ తెరిచాడు. దర్వేషులు బీడుభూముల్లో ముందు నడిచిన వలసదారులని, మఠం కట్టి, మిల్లు పెట్టి, దారిన పోయేవారికి అన్నం పెట్టి, రాజ్యానికి నేల సాగుచేసి ఇచ్చారని భూమి రికార్డులతో చూపించాడు. మతసిద్ధాంతం ఆయన పుటల్లో పెద్దగా లేదు. ఫరోకీ ఆ దారినే మరింత జాగ్రత్తగా నడిచింది.

ఈ శతాబ్దంలో గాలి మారింది. 'ఛాందసం, అపమార్గం' అన్న జంట మాటలే ఆధునిక జాతీయవాదం అచ్చులో పోసినవని మార్కుస్ డ్రెస్లర్ 2013లో వాదించాడు. కరకాయా-స్టంప్ 2020 నాటి పుస్తకంలో దెదే కుటుంబాల కాగితాలు పరిచి, వాటి మూలం షమానుల్లో కాదు, ఇరాక్‌కు చెందిన వఫాయీ సూఫీ పరంపరలో ఉందని చూపించింది. తిజానా క్రిస్టిచ్, దెరిన్ తెర్జియోగ్లూ వంటివారు మరో మాట అన్నారు: సున్నీతనం కూడా ముందే గట్టిపడిన వస్తువు కాదు. ఇస్మాయిల్ స్థాపించిన సఫవీ షియా రాజ్యాన్ని ఎదిరిస్తూ ఒట్టోమన్‌లు తమ సున్నీతనాన్ని తయారుచేసుకున్నారు. ఒట్టోమన్‌లు, సఫవీలు ఒకరినొకరు చెక్కుకున్న శిల్పులు.

పక్కపక్కన పెట్టి చూస్తే కొప్రులూ దారి జనం ఎక్కడినుంచి వచ్చారో చెబుతుంది, కాని సర్కారు ఎందుకు మనసు మార్చుకుందో చెప్పదు. బర్కాన్ దారి సర్కారు లెక్కను చెబుతుంది, కాని భూమి తిరిగిచ్చినా కలెందర్ వెంట ఉండిపోయి చచ్చిన మనుషుల గురించి నోరు మెదపదు. కొత్తవాళ్లు ఆ మనుషులకు వాళ్ల సొంత కాగితాలతో గొంతు తెచ్చారు. నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఈ మూడో దారే. ఎందుకంటే అది ముద్దాయి వాంగ్మూలం కూడా చదివింది. దానికీ ఒక బలహీనత ఉంది. కాగితాలు దాచుకోగలిగింది గురువుల వంశాలు. శిష్యుల కాగితాలు ఏ పెట్టెలోనూ లేవు.

మరో రెండు చోట్ల ఇదే పరీక్ష

ఇరాన్ ఈ ప్రశ్నను తలకిందులు చేస్తుంది. అక్కడ మఠమే రాజ్యమైంది. రాజ్యమయ్యాక మఠాలను సహించలేకపోయింది. షా అబ్బాస్ తన కిజిల్‌బాష్‌లను పక్కనపెట్టి గులాముల సైన్యం పెంచాడు, నుఖ్తవీలనే మార్మిక శాఖవాళ్లను చంపించాడు. పదిహేడో శతాబ్దం చివర మజ్లిసీ వంటి షియా పండితుల మాట చెల్లి, సూఫీలు ఇస్ఫహాన్‌లో నిలవలేకపోయారు. షియా రాజ్యంలో షియా సూఫీకి చోటు లేకపోయిందంటే, ఒట్టోమన్ గొడవను ఒట్టి 'సున్నీ, షియా తగాదా'గా చూడడం ఎంత పొరపాటో తెలుస్తుంది.

రెండోది దక్కన్. ఇక్కడ మన నేల ప్రమేయం ఉంది. కిర్మాన్ సాధువు షా నిమతుల్లా వంశీయులు పదిహేనో శతాబ్దంలో బహమనీల పిలుపు మీద బీదర్ చేరారు. ఖలీలుల్లా సమాధి చౌఖండీ ఇప్పటికీ అక్కడుంది. ఇరాన్‌లో నిమతుల్లాహీ దీపం దాదాపు ఆరిపోయాక, 1770ల్లో హైదరాబాద్‌లోని రజా అలీ షా దక్కనీ తన శిష్యుడు మాసూమ్ అలీ షాను అక్కడికి పంపాడు. ఆ శిష్యుడి వెంట జనం కదలడం చూసి షియా ముజ్తహిద్‌లు (మతన్యాయ పండితులు) ఓర్వలేదు. కిర్మాన్‌షాలో ఆయన్ను చంపించారు. అయినా శాఖ మళ్లీ వేళ్లూనింది, ముహమ్మద్ షా ఖాజార్ కాలానికి రాజదర్బారులోనే ఆదరణ దొరికింది.

గోల్కొండ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. కుతుబ్‌షాహీలు శుక్రవారం మసీదు ప్రసంగమైన ఖుత్బాలో పన్నెండుమంది ఇమామ్‌ల పేర్లు, ఇరాన్ షా పేరు చదివించేవారు. 1636లో షాజహాన్ ఒత్తిడికి అబ్దుల్లా కుతుబ్‌షా ఒప్పందం రాసిచ్చాడు. షా పేరు తీసేసి మొఘల్ చక్రవర్తి పేరు, ఇమామ్‌ల బదులు నలుగురు ఖలీఫాల పేర్లు చదివించాలి. ఏటా కప్పం కట్టాలి. ఆషూర్‌ఖానాలు మూయమని మాత్రం ఎవరూ అడగలేదు. ఇస్తాంబుల్‌లోనూ, ఆగ్రాలోనూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: మీరు బహిరంగంగా ఎవరి పేరు తలుస్తారు?

ఇంకా తేలనివి

ఇంత చదివాక కూడా కొన్ని ముడులు అలాగే ఉన్నాయి. మొదటిది, బెక్తాషీలను షియాలనవచ్చునా? పన్నెండు ఇమామ్‌లను కొలుస్తారు, ముహర్రంలో శోకిస్తారు. నజఫ్ పండితుల ఫిఖ్‌ను (మతన్యాయాన్ని) మాత్రం పాటించరు. ఖుమ్ పండితుడికి వీరు దారితప్పినవారు, ఇస్తాంబుల్ ముఫ్తీకీ దారితప్పినవారే. 'షియా' అన్నది ఆజ్ఞాపత్రం రాసిన గుమస్తా పెట్టిన పేరా, తమకు తాము చెప్పుకున్న పేరా అన్నది ప్రతి కాగితం దగ్గరా విడిగా తేల్చుకోవాలి.

రెండోది, 1501లో బలిమ్ సుల్తాన్‌ను బాయెజిద్ నిజంగా పంపాడా? ఇస్మాయిల్ పట్టాభిషేకం జరిగిన సంవత్సరమే కావడం వల్ల 'కిజిల్‌బాష్‌లకు విరుగుడుగా సర్కారు బెక్తాషీ శాఖను తయారుచేసింది' అన్న వాదం ఆకర్షణీయంగా ఉంటుంది. కాని దాని బలమంతా సంప్రదాయ కథనం మీదే ఉంది. అనుకూలంగా ఉందని కథను దస్తావేజు చేసేయకూడదు.

మూడోది, 1826 తర్వాత ఎంతమంది బెక్తాషీలు నిజంగా నక్ష్‌బందీలయ్యారు, ఎంతమంది అలా నటించారు? ముసుగు మూడు తరాలు వేసుకుంటే అది ముఖమైపోదా? ఈ ప్రశ్న వేయడమే కొందరికి నచ్చదు. వేయాలి.

నాలుగోది చరిత్ర పుస్తకాలు దాటి వచ్చేసింది. 1925 నవంబర్ 30న టర్కీ గణతంత్రం 677 నంబరు చట్టంతో మఠాలన్నిటినీ మూసేసింది. బెక్తాషీ కేంద్రం 1930 ప్రాంతంలో తిరానాకు మారింది. 1967లో అల్బేనియా మతాన్నే నిషేధించింది. 2024లో అల్బేనియా ప్రధాని ఎడీ రామా తిరానాలో బెక్తాషీలకు ఒక చిన్న సార్వభౌమ రాజ్యం ఇస్తామని ప్రకటించాడు. టర్కీలో హజీబెక్తాష్ మఠం 1964 నుంచి మ్యూజియం. అలెవీల ప్రార్థనామందిరాల గుర్తింపుపై యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2016లో టర్కీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 2022లో ప్రభుత్వం అలెవీ, బెక్తాషీ వ్యవహారాలకు ఒక విభాగం పెట్టి, దాన్ని సంస్కృతి, పర్యాటక శాఖ కింద ఉంచింది. మతంగా కాదు, సంస్కృతిగా. అంతకుముందు ఖుత్బాలో ఎవరి పేరని అడిగినవారు, ఇప్పుడు ఏ శాఖ కింద రాయాలని అడుగుతున్నారు.

షేఖ్, బాబా, దెదే, చెలెబీ అన్న బిరుదులు వాడటం నేరమని చెప్పే ఆ 677 నంబరు చట్టం, రాజ్యాంగం 174వ అధికరణం రక్షణలో, ఇవాళ్టికీ అమల్లో ఉంది.